పుణె బీరువాలో మా మరిది పేరు

మా మరిది సిద్ధరాములుకు చూపు తక్కువ. పదేళ్ళప్పుడు అమ్మవారు పోసి కళ్ళలో పొర మిగిల్చి పోయింది. ఎదురుగా నిలబడ్డది మనిషో మగ్గం గుంజో మాట వినపడితే తప్ప అతనికి తెలిసేది కాదు. అలాంటివాడు మా పేటలో ముప్పై ఏళ్ళు పడుగులు అతికి బతికాడు. మగ్గం ముఖం చూడనివాళ్ళ కోసం చెప్తున్నాను. ఒక పడుగు నేయడం అయిపోతే దాని చివరి పోగులను అచ్చులో అలాగే వదిలేస్తారు. కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటే తీసి ఆ పాత పోగుల చివరలకు మెలిపెట్టి అతకాలి. ఒక్క చీరకే వేల పోగులు. బూడిదలో వేలు అద్దుకుని, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రెండు పోగులు పెట్టి ఒక్క తిప్పు తిప్పితే ఇక అవి ఊడవు. కళ్ళున్నవాళ్ళు వెలుతురు వెతుక్కుని చేసే ఆ పనిని మా మరిది గోడవైపు ముఖం పెట్టి, నాతో పోట్లాడుతూ చేసేవాడు.

పోట్లాడనిదే మా ఇద్దరికీ పూట గడిచేది కాదు. భార్య పోయాక రెండు పూటలా మా ఇంట్లోనే తినేవాడు. పప్పులో ఉప్పు తక్కువయిందనో, రొట్టె అంచు మాడిందనో ఒక మాట అనకుండా చేయి కడిగేవాడు కాదు. పడి ఉండే నోరు కాదు నాది. మేమిద్దరం అలా ఒకరినొకరు అనుకుంటుంటే మా ఆయన తలవంచుకుని తిని మగ్గం గుంతలోకి దిగిపోయేవాడు. ఆయన గొంతు నేను బాగా విన్నది మా పెళ్ళిలో మంత్రాలు చెప్పినప్పుడే.

సోలాపూర్‌లో ఇప్పుడు అశోక్ చౌక్ అంటున్న చోటికి కాస్త ఇవతల మా గల్లీ. తెల్లదొరలు మా ఊళ్ళో మార్షల్ లా పెట్టిన ఆరేళ్ళకు, ఆషాఢంలో వాన తెరిపిచ్చిన ఒక పొద్దున లింగయ్య అనే మా గల్లీ ఆసామి తన పడుగును వీధి పొడుగునా సాచి గంజి పట్టిస్తున్నాడు. అప్పుడు ఒక పెద్దమనిషి, టోపీ, కోటు, భుజానికి రేకు డబ్బా, నేల వైపే చూసుకుంటూ వచ్చి నేరుగా ఆ పడుగులోకి నడిచాడు. రేకు డబ్బా కొక్కెం పోగుల్లో చిక్కింది. ఆయన బెదిరి వెనక్కి లాగాడు. వందకు తక్కువ కాకుండా పోగులు తెగాయి.

గల్లీ అంతా ఆయన మీద పడింది. పుణె కాలేజీలో చెట్లూ చేమల పాఠం చెప్పే టెంబే మాస్తరట. తులసి జాతి మొక్కలు సోలాపూర్ జిల్లాలో ఎన్ని ఉన్నాయో రాసుకోవడానికి వచ్చాడట. లింగయ్యకు అదేమీ ఎక్కలేదు. తులసి కావాలంటే పైకి చూసి నడిచినా దొరుకుతుంది కదా అన్నాడు. చివరికి మా మరిదిని పిలిచారు. అతను వచ్చి కూర్చుని తెగిన పోగులు అతకడం మొదలుపెట్టాడు. మాస్తర్ తప్పించుకు పోవలసినవాడు, పోలేదు. పక్కనే గొంతుక్కూర్చుని ఆ వేళ్ళనే చూశాడు. పని ముగిశాక డబ్బాలోంచి ఒక పిచ్చి మొక్క తీసి చేతిలో పెట్టి, ఇదేమిటో చెప్పగలవా అని మరాఠీలో అడిగాడు.

మా మరిది కాడను వేళ్ళ మధ్య ఒక్క తిప్పు తిప్పాడు. దీనికి నాలుగు పలకలున్నయని, పోగులెక్క గుండ్రంగ లేదని, ఆకులు ఎదురూబొదురుగా జంటలు జంటలుగా ఉన్నాయని చెప్పాడు. మాస్తర్ తన అద్దం తీసి చూసి చూసి, తను కాలేజీ పిల్లలకు మూడు నెలలు చెప్పే పాఠం ఇదేనని ముఖం వెలిగిపోగా అన్నాడు. ఆ రోజు నుంచి మా మరిది పడుగులు వదిలి గడ్డి పట్టుకున్నాడు.

మధ్యాహ్నం అన్నానికి వచ్చి నాకూ పాఠం చెప్పాడు. ఆ వంశానికి నాలుగు గుర్తులట. కాడ నాలుగు పలకలు. ఆకులు జంటలు. పువ్వుకు మనిషిలా పై పెదవీ కింది పెదవీ. పువ్వు రాలాక మిగిలే చిన్న గిన్నెలో నాలుగే గింజలు. ఈ లెక్కన తులసి, పుదీనా, సబ్జా, వాము ఆకు, గుళ్ళో శివుడికి పెట్టే తుమ్మి, పాడుగోడల మీద దీపమాలలా పూసే రణభేరి, అన్నీ ఒకే ఇంటివాళ్ళు. నాకు ఒళ్ళు మండింది. తులసికీ పుదీనాకూ చుట్టరికం కలిపితే ఇక నేను పుదీన తొక్కు ఎట్లా నూరాలి, రోట్లో ఎవరిని నూరుతున్నట్లు అని అడిగాను. ఏకాదశి నాడు నూరకు, మిగతా రోజుల్లో నూరు అన్నాడు. ఇలాంటి ధర్మసందేహాలకు మా మరిది దగ్గర జవాబు ఎప్పుడూ సిద్ధంగా ఉండేది.

బజారుకు పోతే కూరలమ్మే బుట్టల్లో చేతులు పెట్టి కాడలు తిప్పి చూసేవాడు. మా గల్లీలోని యమునాబాయి దడి మీద పాకిన నల్లేరు కాడకు కూడా నాలుగు పలకలు తగిలితే ఒక పూటంతా సంబరపడ్డాడు. దాని పువ్వుకు పెదవులు లేవని మాస్తర్ చెప్పాక, మోసం చేసిందని దాన్ని తిట్టాడు.

ఈ పిచ్చికంతా కారణం ఒక చీటీ. మాస్తర్ చెప్పాడట, మొక్కను ఎండబెట్టి దళసరి తెల్ల కాగితానికి అంటిస్తారు, మూలన ఒక చీటీ పెడతారు. అది ఏ మొక్క, ఏ ఊళ్ళో దొరికింది, ఎవరు తెంపారు అని రాస్తారు. ఎవరి చేయి తెంపితే వారి పేరే రాయాలి, అది వాళ్ళ నియమం. ఆ కాగితం పుణె కాలేజీ బీరువాలో వందేళ్ళు ఉంటుంది, దేశదేశాల పండితులు వచ్చి చూస్తారు. మా మరిది పేరు అప్పటిదాకా దేని మీదా లేదు. ఇల్లు మా ఆయన పేరున. మిల్లులో ఏడాది చేశాడు కానీ చూపు లేదని హాజరు పట్టీలోంచి కొట్టేశారు. పిల్లలా కలగలేదు. అన్నం తింటూ మూడుసార్లు అడిగాడు నన్ను, వందేళ్ళంటే ఎంత కాలం వదినె అని.

ఇక శ్రావణం, భాద్రపదం అతను ఇంట్లో ఉన్నది తక్కువ. చెరువు గట్టు, కోట కందకం, హోట్గి రోడ్డు పొడుగునా పొలాల అంచులు. మాస్తర్ కళ్ళు, ఇతని వేళ్ళు. మధ్యలో మాస్తర్‌కు పుణెలో పని పడింది. కట్టలకొద్దీ పాత పేపర్లూ రెండు చెక్క పలకలూ ఇచ్చి, మొక్కలను పేపర్ల మధ్య చదునుగా పరిచి, పలకలతో బిగించి, రోజూ తడి పేపర్లు మార్చమని చెప్పి పోయాడు. ఇతను ఒక్కడే తెంపినవి నలభై ఒక్క మొక్కలు. నలభై ఒక్క చీటీల మీద అతని పేరు పడాలి.

మాస్తర్ చెప్పినది మా మరిదికి సగమే నచ్చింది. పరచడం సరే, బిగించడం సరే. గంజి ఏది? గంజి లేకుండా ఏ వస్తువైనా చదునుగా నిలవడం మా పేటలో ఎవరూ చూడలేదు. పుణె మాస్తర్ బ్రాహ్మడు, నేతపని తెలియదు, మరిచిపోయి ఉంటాడని అనుకున్నాడు. నా దగ్గరికి వచ్చి జొన్న గంజి చిక్కగా కాచి ఇమ్మన్నాడు. కాచి ఇచ్చాను. ఎవరో చెప్పేలోగా నేనే చెప్తున్నాను, ఆ గంజి నాదే, గడ్డ కట్టకుండా పట్టులా కాచాను. అతను కుంచె తీసుకుని ఆకు ఆకుకూ, పువ్వు పువ్వుకూ అటొకసారి ఇటొకసారి గంజి పట్టించి నీడన ఆరబెట్టాడు. కొత్త చద్దరు మడతలా పెళపెళలాడాయి మొక్కలన్నీ. గల్లీ అంతా వచ్చి చూసి మెచ్చుకుంది. కట్టలు కట్టి అటక మీద పెట్టాడు.

దీపావళి అయ్యాక మాస్తర్ వచ్చాడు. మా వసారాలోనే కట్ట విప్పాడు. ముందు బొద్దింకలు వచ్చాయి. తర్వాత ఒక ఎలుక, దాని వెనుక దాని సంసారం. వానాకాలపు చెమ్మకు బూజు పట్టిన పేపర్ల మధ్య మా మరిది వేళ్ళకు నాలుగైదు కాడలు తగిలాయి, అంతే. మా గల్లీ ఎలుకలు నా గంజిని అంతగా మెచ్చుకున్నది అదే మొదలు, అదే తుది. మాస్తర్ నేల మీద కూలబడి తల పట్టుకున్నాడు. కోప్పడి ఉంటే మేలు. గంజి ఎందుకు పెట్టావని నెమ్మదిగా అడిగాడు. మా మరిది నెమ్మదిగా, పెట్టకుంటే ముడుచుకుంటయని అన్నాడు.

మాస్తర్ తెంపినవి పుణెలో భద్రంగా ఉన్నాయి కాబట్టి ఆయన పుస్తకానికి లోటు లేదు. పోయినవన్నీ మా మరిది పేరువే. వానలు వెనకబట్టాయి, మొక్కలు ఎండిపోయాయి, మళ్ళీ తెంపడానికి వచ్చే ఏడాది దాకా ఏమీ లేదు. వచ్చే ఏడాది మాస్తర్‌ను కాలేజీవాళ్ళు ఇంకో జిల్లాకు పంపుతున్నారు. పోతూ పోతూ ఆయన ఒక మాట చెప్పాడు. అడవి తులసుల్లో ఒక రకం తనకు దొరకలేదట. ఏడెనిమిదేళ్ళ కింద హోట్గి రోడ్డు పక్కనుంచి ఎవరో దాని ఎండుపుల్ల తెచ్చి ఇస్తే చూశాడు, పువ్వు లేదు. తర్వాత వెళ్తే ఆ చోట ఇటుకల కోసం మట్టి తవ్వేశారు. కాడ మీద నూగు, తెల్లటి పువ్వు, కర్పూరమూ నిమ్మతొక్కా కలిపి నలిపినట్టు వాసన. అది పువ్వుతో సహా తెచ్చిస్తే సిద్ధరాములు పేరే రాస్తానన్నాడు. కార్తీక ద్వాదశి సాయంత్రం బండికి తన ప్రయాణం అని కూడా చెప్పాడు.

మా మరిది ఆ వాసన మాట వినగానే గడపకు తల కొట్టుకున్నట్టు అయిపోయాడు. నేను దాన్ని చూశాను, అర్థం కాలేదు. దుఃఖం అనుకున్నాను.

తర్వాత పది రోజులు అతను ఎక్కడికీ వెతకడానికి పోలేదు. మా వాకిట్లో తులసికోట, ఇక్కడివాళ్ళు బృందావనం అంటారు, దాని చుట్టూ తిరిగాడు. పొద్దున తిరిగాడు, సాయంత్రం తిరిగాడు. పువ్వుల వెన్ను పట్టుకుని వాసన చూసేవాడు, వదిలేసేవాడు. తులసి పెళ్ళి నెల కదా, ఎలుకల దెబ్బకు భక్తి పుట్టిందని నాకు సంతోషమయింది. మా ఆయన మాత్రం తమ్ముడు అటు పోయినప్పుడల్లా మగ్గం ఆపి గుంతలోంచి మెడ చాచి చూసేవాడు. ఆయన మగ్గం ఆపడం నా కాపురంలో వింత.

మా తులసి సంగతి చెప్పాలి. దాన్ని నేను పుట్టింటి నుంచి, మా అమ్మ చేతుల మీదుగా, కుండలో పెట్టుకుని రైల్లో ఒళ్ళో కూర్చోబెట్టుకుని తెచ్చాను. ఏటేటా గింజలు రాలి మొలిచేది. సోలాపూర్‌లో తులసి పెళ్ళి ఇంటింటా జరుగుతుంది కానీ మా గల్లీలో పెద్ద పెళ్ళి మాదే. పెళ్ళికొడుకు యమునాబాయి ఇంటి ఇత్తడి కృష్ణుడు. అందుకని నేనూ ఆమే ఏడాది పొడుగునా వియ్యపురాళ్ళమే. మగపెళ్ళివారి దర్జా ఆమె ఒక్కనాడు వదిలేది కాదు. వాడికి నేను పంచె పెట్టలేదని ఒక ఏడు, పెట్టిన పంచెకు అంచు సన్నమని ఇంకో ఏడు. నేను మాత్రం పిల్ల వాసన చూడమనేదాన్ని. నిమ్మపండు వాసన మా తులసికి తప్ప ఈ సోలాపూర్‌లో ఎవరి తులసికీ లేదని ఆరేళ్ళుగా గల్లీ అంతా చాటింది నేనే.

ఏకాదశి నాడు పొద్దున పిల్లకు పసుపు పెడదామని వాకిట్లోకి వెళ్తే అన్నదమ్ములిద్దరూ అక్కడే ఉన్నారు. తమ్ముడి చేయి మొక్క మీద, అన్న చేయి తమ్ముడి మణికట్టు మీద. నన్ను చూసి ఇద్దరూ చేతులు వెనక్కి పెట్టుకున్నారు. ఇద్దరి వయసూ కలిపితే తొంభై. ఏమిటని అడిగాను. మరిది ఏం లేదన్నాడు. మా ఆయన వైపు తిరిగి ఊరికే నిలబడ్డాను. ఆయన మీద నేను ఎప్పుడూ కేకలు వేయను, నిలబడితే చాలు.

"మార్షల్ లా అప్పుడు నువ్వు పిల్లల్ని తీస్కొని ఊరికి పోయినవు గద," అన్నాడు ఆయన, నేల చూస్తూ.

"పోయిన. నాలుగు నెలలున్న. అయితే ఏంది?"

"నీళ్ళు పొయ్యమన్నవు. మరిచిన."

మిగతాది మరిది చెప్పాడు. మా అమ్మ తులసి వేర్లతో సహా ఎండి పుల్ల అయింది. నేను వస్తున్నట్టు ఉత్తరం వచ్చింది. ఇంట్లో ఉన్న మగవాళ్ళిద్దరికీ చలిజ్వరం వచ్చినంత పని అయింది. మా ఆయన హోట్గి రోడ్డున ఎవరి పొలం గట్టు మీదో తులసిలా ఉన్న మొలక ఒకటి కనిపిస్తే తవ్వుకొచ్చి బృందావనంలో నాటాడు. నేను వచ్చి, నాలుగు నెలల్లో ఎంత పెరిగింది నా తల్లి అని కళ్ళకద్దుకున్నాను. అప్పుడు చెప్పడానికి ఇద్దరికీ నోరు రాలేదు. తర్వాత పెళ్ళి ఒకటి అయిపోయింది. ఒక పెళ్ళి అయ్యాక ఇక ఎట్లా చెప్తామని మా మరిది నన్నే అడిగాడు.

ఒకటి కాదు, ఆరు పెళ్ళిళ్ళు. రోడ్డు పక్కన మొలిచిన ఊరూ పేరూ లేని మొక్కను, యమునాబాయి కృష్ణుడికి, బాజాలతో ఆరుసార్లు కట్టబెట్టాను. ఏడోది రేపు. మొట్టమొదట నాకు మా అమ్మ గుర్తుకు రావలసింది, నిజం చెప్పాలంటే యమునాబాయి ముఖం గుర్తుకొచ్చింది.

మాట్లాడకుండా లోపలికి వెళ్ళాను. నేను మాట్లాడకపోవడం చూసి మా ఆయన భయపడి పెరట్లో పనిలేకపోయినా రెండు బిందెల నీళ్ళు తోడాడు. మరిది గడప దగ్గర కూర్చున్నాడు.

"నాకు తెంపాలనే ఉంది వదినె. దొంగతనంగ తెంపుదునా అని పది దినాలు చూసిన, చెయ్యి రాలె. నువ్వు వద్దంటే వద్దు. నా పేరుకేముంది తీ," అన్నాడు.

వద్దన్నాను. పెళ్ళి ఆపి మొక్కను పీకితే గల్లీకి ఏమని చెప్పాలి? ఆరేళ్ళ మాట బయటపడితే ఆ యమునాబాయి నన్ను చచ్చేదాకా బతకనిస్తుందా? సరే అన్నాడు. మధ్యాహ్నం ఉపవాసపు సగ్గుబియ్యం వండి పెట్టాను. కంగారులో అందులో ఉప్పు రెండుసార్లు వేశానని నేను తిన్నప్పుడు తెలిసింది. అతను మొత్తం తిని, ఒక్క మాట అనకుండా చేయి కడుక్కున్నాడు. ఆ పూట నాకు ముద్ద దిగలేదు, ఉప్పు వల్లే అనుకోండి.

ద్వాదశి సాయంత్రం గోధూళి వేళకు వాకిలంతా జనం. బృందావనానికి కొత్త చీర చుట్టాం, చెరుకుగడల పందిరి వేశాం, మొక్కకు గాజులూ నల్లపూసలూ తొడిగాం. యమునాబాయి పళ్ళెంలో తన కృష్ణుడిని పెట్టుకుని, వాడికి జానెడు పాగా చుట్టి, బాజాలతో వచ్చింది. వస్తూనే ఎదుర్కోలు పానకం పల్చగా ఉందన్నది. భట్జీ అడ్డుతెర పట్టించి మంగళాష్టకాలు మొదలుపెట్టాడు. సరిగ్గా అప్పుడే గల్లీ మొగలో టాంగా ఆగింది. టెంబే మాస్తర్ స్టేషన్‌కు పోతూ, మా మరిదికి చెప్పి పోదామని దిగాడు. భుజాన రేకు డబ్బా ఉండనే ఉంది.

జనంలోకి రాగానే మాస్తర్ ముక్కు పనిచేసింది. అటు చూశాడు, ఇటు చూశాడు. చెరుకు పందిరి కింద నా పిల్ల కనిపించింది. వెన్నులు వెన్నులుగా తెల్లగా పూసి ఉంది. ఆయన అద్దం తీసి, జనాన్ని తోసుకుని, అడ్డుతెర పక్కనుంచి వంగి పెళ్ళికూతురి ముఖం చూశాడు. మగపెళ్ళివారి తరఫు ఆడవాళ్ళు గుసగుసలాడారు. ఆయన మా మరిది భుజం పట్టుకుని, ఇదేనయ్యా, ఇదే కదా, నీకు వాసన తెలియలేదా అని చెవిలో అడగడం నాకు వినపడింది. నేను అతని వెనుకే ఉన్నాను.

"అది మా వదినె తులసి, సాబ్," అన్నాడు మా మరిది. "పుట్టింటి నుంచి తెచ్చుకున్నది. మీరు చెప్పింది వేరే."

మాస్తర్ వింతగా చూశాడు. వేళ్ళతో లోకాన్ని చదివేవాడు ముక్కు పెట్టుకుని అబద్ధమాడుతున్నాడని ఆయనకు అర్థమయింది, ఎందుకో అర్థం కాలేదు. జేబులోంచి గడియారం తీశాడు. భట్జీ ఒక అష్టకం అవగానే ఇంకొకటి అందుకున్నాడు. ఆ ఏడు ఆయన కొడుకు కూడా వచ్చి పాడాడు, తండ్రి ఎనిమిది పాడితే కొడుకు నాలుగు. టాంగావాడు గల్లీ మొగలోంచి రెండుసార్లు కేకేశాడు. మా మరిది చేతిలో అక్షింతలు పట్టుకుని, జనం చల్లినప్పుడల్లా చల్లడం మరిచిపోయి నిలబడ్డాడు. తెర తీశారు, బాజాలు మోగాయి, పెళ్ళి అయిపోయింది. మాస్తర్ నమస్కారం పెట్టి వెనక్కి తిరిగాడు.

అప్పుడు నా నోరు నన్ను అడగకుండానే తెరుచుకుంది. ఆగండి మాస్తర్ అన్నాను మరాఠీలో, పిల్లను వదిలేసి పోతున్నారేమిటి అన్నాను. జనం అంతా తిరిగి చూశారు. ఏడో పెళ్ళి అయినాక కూడా పిల్లను పుట్టింట్లోనే పెట్టుకుంటే లోకం ఏమనుకుంటుంది, ఈ ఏడు పిల్లను కాపురానికి పంపుతున్నానని చెప్పాను. పుణెకు, మాస్తర్ వెంట.

యమునాబాయి పళ్ళెం గుండెకు హత్తుకుంది.

"ఏందమ్మ వియ్యపురాలా, అత్తగారిల్లు నాది. పిల్ల నా ఇంటికి రావాలె గని పుణెకు ఎట్ల పోతది?"

"నీ కొడుక్కు పుణెల నౌకరీ అయింది. నీకు చెప్పలేదా?"

"మా పిల్లగాడు యాడికీ పోడు."

"అయితే పిల్ల ఒక్కతే పోతది. వాడు తల్లి కొంగు వదిలినప్పుడే వస్తడు తీ."

ఆడవాళ్ళు నవ్వారు. యమునాబాయి జవాబు వెతుక్కునే లోపల బృందావనం దగ్గరికి నడిచాను. మాస్తర్, సంగతి పూర్తిగా తెలియకపోయినా, పని తెలిసిన మనిషి. వేరుతో సహా రావాలి, కానీ చేయి మాత్రం ఒక్కరిదే ఉండాలి, ఎవరు తీస్తే వారి పేరే రాస్తానని నియమం గుర్తుచేశాడు. నాలుగు వేళ్ళు మట్టిలో దించాను. పట్టు దొరికింది.

అప్పుడు ఒక్క గడియ ఆగాను, దాచను. నీళ్ళు పోసింది నేను. పసుపు పెట్టింది నేను. ఆరేళ్ళు దీపం పెట్టింది నేను. రెండో తరగతిలో పలక మీద రాసుకున్నాక నా పేరు మళ్ళీ ఎక్కడా రాసినవాళ్ళు లేరు. వందేళ్ళు బీరువాలో ఉండడానికి నా పేరుకు ఏం తక్కువ? పక్కన మా మరిది శ్వాస వినపడుతోంది. నేను ఏం చేస్తున్నానో అతనికి కనిపించలేదు, మట్టి కదిలిన చప్పుడు మాత్రం విని తల దించుకున్నాడు.

చేయి తీసి కొంగుకు తుడుచుకున్నాను.

"సిద్ధరాములూ, ఇటు రా. పిల్లకు చిన్నబాపువు నువ్వుండంగ నేను సాగదోలుడేంది? నువ్వే లేపు."

అతను కదల్లేదు. అన్న వచ్చి చేయి పట్టుకుని తీసుకొచ్చి మొక్క మొదట్లో పెట్టాడు. మా మరిది మట్టిని అంతా చుట్టూ తడిమి, ఒక్క వేరుపోగు తెగకుండా, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు లేపాడు. గాజులు, నల్లపూసలు తీసి నేను దాచాను. మాస్తర్ తడి గుడ్డలో చుట్టి రేకు డబ్బాలో పడుకోబెట్టాడు. బాజావాళ్ళకు ఎవరు చెప్పారో, అప్పగింతల పాట అందుకున్నారు. ఇద్దరు ముసలమ్మలు కళ్ళు కూడా ఒత్తుకున్నారు. మాస్తర్ చిన్న పుస్తకం తీసి గోడకు ఆనించి ఏదో రాసుకుని, దుమారం లేపుకుంటూ టాంగాలో పోయాడు.

మా మరిది చేతులకు మట్టి, తలలో పసుపు బియ్యం. ఉన్నట్టుండి అతను మా ఆయన్ను పట్టుకుని, మాస్తర్ ఇంటిపేరు అడిగాడా అన్నాడు. అడగలేదు. ఊరి దేవుడు సిద్ధేశ్వరుడైన చోట ఆ పేరుకు కరువా. మా గల్లీలోనే నలుగురు సిద్ధరాములులు, పేటలో ఎందరో లెక్కలేదు. వందేళ్ళ తర్వాత ఏ దేశపు పండితుడో వచ్చి బీరువా తెరిస్తే, ఆ చివరింటి సోమరిపోతు సిద్ధరాములు తెంపాడని అనుకుంటే?

కొంగారి సిద్ధరాములు అప్పుడు పరుగెత్తాడు. నలభై మూడేళ్ళ మనిషి, సరిగ్గా కళ్ళు కనిపించనివాడు, చెప్పులు లేకుండా, టాంగా గంట చప్పుడు వెంట పరుగెత్తాడు. వెనుక మా ఆయన, ఆయన వెనుక బాజావాళ్ళలో ఇద్దరు, పెళ్ళివారి సొమ్ము ఎత్తుకుపోయారేమోనని. స్టేషన్‌లో బండి కదులుతుండగా కిటికీ కిటికీకీ తన ఇంటిపేరు కేకేసుకుంటూ పోయాడట. మూడు డబ్బాల వాళ్ళు దొంగ దొంగ అన్నారట. నాలుగో డబ్బాలోంచి మాస్తర్ తల బయట పెట్టి, రాసుకున్నాను, రాసుకున్నాను అని చేయి ఊపాడట.

అన్నదమ్ములిద్దరూ కుంటుకుంటూ వచ్చేసరికి వంట చల్లారింది. యమునాబాయి ఇంకా వాకిట్లోనే కూర్చుని, కోడలు లేని అత్తగా రేపటి నుంచి తన బతుకు ఏమిటని అందరినీ అడుగుతోంది. నేను ఇద్దరికీ వడ్డించాను. మరిది మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగాడు.

"మంచిగనే ఉంది గని వదినె, ఒక మాట," అన్నాడు. "ఇంటిపేరు ముందు రాసిండంటవా, ఎన్క రాసిండంటవా?"

"తిను ముందు," అన్నాను.